తేనె రంగు గుండీలు

పోయిన వారం మిమ్మల్ని కాసాబ్లాంకా హబూస్ సందులో, ఒక దర్జీ కొట్టు అద్దాల కిటికీ ముందు నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు పీకుతూ ఉంటాయి, తప్పు నాదే. కొత్తగా వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి అందరినీ లోపలికి తీసుకెళ్తాను.

మాది సెఫ్రూ. నేను తామూని, చిన్నవాళ్ళు మర్యాదగా లల్లా తామూ అంటారు. యామ్నా నా పక్కింటిది. ఇద్దరికీ మొగుళ్ళు లేరు, ఇద్దరిదీ ఒకటే పని, పట్టుదారంతో కఫ్తాన్లకు, అంటే మా ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు వేసుకునే పొడుగు అంగీలకు, గుండీలు అల్లడం. జీవితంలో మొదటిసారి మక్కాకు, ఉమ్రా యాత్రకు బయల్దేరాం. మా బస్సు పొద్దున పదకొండింటికే కాసాలో దింపేసింది. విమానం రాత్రికి. టూరు మనిషి అందరి మెడల్లో పేరూ ఫొటో ఉన్న బిళ్ళలు తగిలించి, "నాలుగింటికి సముద్రం పక్కనున్న పెద్ద మసీదు ముందు ఉండాలి. రానివాళ్ళ కోసం బస్సు ఆగదు" అని చెప్పి తన దారిన తను పోయాడు.

ఎరగని ఊళ్ళో ఐదు గంటలు. యామ్నా సముద్రం చూస్తానంది. చూసింది, చెప్పులు తడుపుకుంది, చిన్నపిల్లలా నవ్వింది. ఆ తర్వాత నా వంతు. నలభై ఏళ్ళుగా మేం అల్లిన గుండీలు దండలు దండలుగా ఈ ఊరికే వస్తున్నాయి. ఒక్కటంటే ఒక్కటి బట్ట మీద కుట్టగా మేం చూడలేదు. పద చూద్దాం అని టాక్సీ ఎక్కించి హబూస్‌కు లాక్కొచ్చింది నేనే. ఆ బుద్ధి నాకెందుకు పుట్టిందో ఇప్పటికీ తెలియదు.

ఇదే ఊళ్ళో యామ్నా చెల్లెలు హనియా ఉంది కదా, వాళ్ళింటికి ఎందుకు వెళ్ళలేదని మీరు అడుగుతారు. వెళ్దామనే అనుకున్నాం. ఆ వారమంతా తను ఎక్కడో దూరాన అగాదీర్‌లో ఉంటానని హనియా ముందే ఫోన్ చేసి చెప్పింది. యామ్నాకున్న ఒక్కగానొక్క కూతురు విసాల్ ఆ హనియా దగ్గరే పెరిగింది. మొగుడు పోయిన ఏడాది, పిల్లకు ఆరేళ్ళప్పుడు, యామ్నా తనే తీసుకొచ్చి పిల్లలు లేని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. మా వైపు ఇది కొత్తేమీ కాదు, ప్రతి సందులోనూ ఇలా పెరిగిన పిల్ల ఒకతి ఉంటుంది. విసాల్ రెండేళ్ళుగా ఫ్రాన్స్‌లో చదువుతోందని హనియా చెబుతోంది. యామ్నా ఆ మాట సెఫ్రూ అంతా గర్వంగా చెప్పుకుంది.

ఇక కొట్టు దగ్గరికి రండి.

అద్దం వెనక ఒక కఫ్తాన్ వేలాడుతోంది. పాల మీగడ రంగు బట్ట, మెడ నుంచి పాదాల దాకా తేనె రంగు గుండీల వరుస. యామ్నా అడుగు కదపలేదు.

"తామూ, అవి నావి."

"ఊళ్ళో గుండీలన్నీ నీవే అంటావు, పద."

"పోయిన చలికాలం ఫాత్నా పట్టు తెచ్చిచ్చింది కదా. తల్లిలేని పెళ్ళికూతురికని. ఆ రంగే ఇది."

నాకూ గుర్తొచ్చింది. ఫాత్నా అంటే మాకు పట్టు తెచ్చిచ్చి గుండీలు పట్టుకెళ్ళే మనిషి. తల్లిలేని పిల్ల అనేసరికి యామ్నా మనసు కరిగిపోయింది. తొంభై తొమ్మిది గుండీలు, ఒక్కో దానికీ ఒక్కో దీవెన చదువుతూ అల్లింది. పైగా వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళికూతురి చివరి గుండీ కడుపులో తల్లి ఒక ఎర్ర దారప్పోగు పెట్టి ముడేస్తుంది. దిష్టి తగలకుండా. ఈ పిల్లకు ఎవరు పెడతారు పాపం అని ఆ పోగు కూడా తనే పెట్టింది. నేను వెక్కిరించాను కూడా, ఊరి వాళ్ళ పిల్లలందరికీ నువ్వే తల్లివా అని.

లోపల కళ్ళజోడు నుదుటి మీదకు ఎక్కించుకున్న ముసలి దర్జీ ఉన్నాడు. పేరు బూషయిబ్. మా తెల్ల జలాబా అంగీలూ మెడలో బిళ్ళలూ చూడగానే లేచి, "యాత్రకు పోతున్నారా తల్లీ, నా పేరు కూడా తలుచుకోండి" అంటూ కూర్చోబెట్టి పుదీనా టీ తెప్పించాడు. గుండీలు మావేనని చెబితే మరీ సంబరపడ్డాడు.

"ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను. ఇంత బిగువైన అల్లిక ఎప్పుడూ చూడలేదు. ఆ చేతులు ఇవేనా?"

యామ్నా చివరి గుండీని గోటితో తిప్పి చూసింది. ఎర్ర పోగు ఉంది. తృప్తిగా తలాడించింది.

"పిల్లెవరు, నాయనా?"

"మంచి పిల్ల. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పిన్ని పెంచింది. మంచి సంబంధం వచ్చింది. రెండింటికి ఒకసారి తొడిగి చూసుకోవడానికి వస్తున్నారు. పెళ్ళి శుక్రవారం." కఫ్తాన్ చేతికి గుచ్చిన చీటీ చూసి చదివాడు. "విసాల్."

మా పక్క విసాల్ అనే పేరున్నవాళ్ళు ఎందరో ఉంటారు. ఆ ముక్కే చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే యామ్నా ముఖం చూశాను, నోరు మూసుకున్నాను. చీటీ మీద పేరు కింద పిన్ని పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ఆ నంబరు యామ్నాకు కంఠతా వచ్చు.

టీ చల్లారిపోయింది. "వెళ్ళిపోదామా" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. రెండింటి దాకా అలాగే కూర్చుంది, గుండీల వైపు చూడకుండా.

ముందు హనియా ఒక్కతే వచ్చింది. చేతిలో చెప్పుల పెట్టె. గుమ్మం దాటి రెండడుగులు వేశాక మమ్మల్ని చూసింది. పెట్టె జారిపోయింది, పెళ్ళికూతురి చెప్పు ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

"అక్కా. నువ్విక్కడ..."

"అగాదీర్ ఇంత దగ్గరని నాకు తెలియదు" అంది యామ్నా.

దర్జీ బుద్ధిమంతుడు. దారపుండలేవో వెతుక్కోవాలంటూ వెనక గదిలోకి పోయాడు.

"శుక్రవారమట కదా పెళ్ళి."

హనియా వంగి పెట్టె ఎత్తుకుంది.

"నేను చచ్చిపోయానట కదా. ఎప్పుడు చంపారే నన్ను?"

"అక్కా, నెమ్మదిగా."

"నెమ్మదిగానే అడుగుతున్నాను. ఎప్పుడు?"

"రెండేళ్ళయింది. ఆ అబ్బాయితో మాటలు మొదలైనప్పుడు."

"ఏ జబ్బుతో పోయాను?"

హనియా నేల చూపులు చూసింది. "కిడ్నీలు."

నేను ఆగలేకపోయాను. "కిడ్నీలట. మొన్న వీసా పరీక్షల్లో డాక్టరు ఇరవై ఏళ్ళ పిల్ల కిడ్నీలని మెచ్చుకున్నాడు. చచ్చినవాళ్ళకు వీసా ఇచ్చిన ఆ ఆఫీసు వాళ్ళ కళ్ళు పరీక్ష చేయించాలి."

"నువ్వు మధ్యలో రాకు, లల్లా తామూ. ఇది మా అక్కచెల్లెళ్ళ గొడవ."

"చెల్లెలివని ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు?"

యామ్నా చెయ్యెత్తి నన్ను ఆపింది.  

"నా కడుపున పుట్టిన దాన్ని నీకిచ్చాను, హనియా. ఏమన్నా అడిగానా? పండక్కి దాని గొంతు వినిపించమన్నాను. అంతేగా. నువ్వు దాని పెళ్ళి నా దగ్గర దాచావు. దానికి నన్ను లేకుండా చేశావు. చివరికి దాని పెళ్ళి గుండీలు నా చేతే, ఎవరో దిక్కులేని పిల్లకని చెప్పి, అల్లించావు. ఇంత మోసం ఎక్కడ నేర్చుకున్నావే? మన అమ్మ కడుపునే పుట్టావు కదా నువ్వు కూడా."

హనియా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల పైకెత్తింది. ఆ తర్వాత అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోలేను.

"నేను క్షమాపణ అడిగాను. నువ్వు క్షమించావు."

ఇక్కడ మీకొక సంగతి గుర్తు చేయాలి. మా వైపు ఎవరైనా యాత్రకు బయల్దేరితే ముందు గడప గడపకూ వెళ్ళి, తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని అడుగుతారు. అవతలి వాళ్ళూ అదే అడుగుతారు. ఏం తప్పు, ఎప్పుడు చేశావు అని ఎవరూ తవ్వి చూడరు. క్షమించాను, ఈ లోకంలోనూ పై లోకంలోనూ, అనేస్తారు. అలా అనకపోతే ప్రయాణానికి మంచిది కాదు. యామ్నా సెఫ్రూలో ఏ ఇల్లూ వదల్లేదు. మురుగునీళ్ళ దగ్గర పదేళ్ళుగా తగవు పడుతున్న ఆవిడ గుమ్మం కూడా ఎక్కింది. పది రోజుల కింద హనియా ఫోన్ చేసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. "అక్కా, నన్నూ, నా గడప లోపల ఉన్నవాళ్ళనీ మనసారా క్షమించు" అంది. యామ్నా కళ్ళనీళ్ళు పెట్టుకుని, "క్షమించానమ్మా, ఈ లోకంలోనూ పై లోకంలోనూ" అంది.

"ఆ మాట నోట్లో పెట్టుకునే కదా నువ్వు దేవుడి ఇంటికి బయల్దేరావు" అంది హనియా. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటావా? దారి మధ్యలో? తీసుకో మరి. నీ యాత్ర ఏమవుతుందో నువ్వే చూసుకో."

"ఏం చేశావో చెప్పకుండా క్షమించమన్నావే, అది క్షమాపణా, దొంగతనమా?" అన్నాను నేను.

"అందరూ అలాగే అడుగుతారు, లల్లా తామూ. నువ్వు అడగలేదా?"

అడిగాను. ఆ లెక్కన నా సంగతులు కూడా కొన్ని ఉన్నాయి.

బయట కారు తలుపు చప్పుడైంది. హనియా రంగు మారిపోయింది. ఒక్క ఉదుటున వచ్చి యామ్నా మెడలో వేలాడుతున్న బిళ్ళను పట్టుకుంది, పేరున్న వైపు లోపలికి తిప్పేసింది. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. శుక్రవారం దాకా ఆగు. పిల్ల బతుకు." అక్క బతికే ఉందని తెలిపే ఆ ఒక్క అట్టముక్కను కూడా చెల్లెలు తిప్పేయడం నేను కళ్ళారా చూశాను. యామ్నా ఆ చేతిని విదిలించలేదు. 

విసాల్‌కు కాబోయే అత్తగారు ముందు లోపలికి వచ్చింది. హాజ్జా రఖియా. హజ్ చేసొచ్చిన భారీ మనిషి, నిండు ముఖం, దగ్గరికి రాకముందే నవ్వు. వెనక విసాల్. నేను ఆ పిల్లను చివరిసారి చూసినప్పుడు పన్నెండేళ్ళు. ఇప్పుడు అచ్చం తల్లి. ముక్కు, నడక, తల వంచడం, అన్నీ. ఆ అత్తగారికి కళ్ళున్నా కనిపించలేదంటే చచ్చిన మనిషిని ఎవరూ వెతకరు కాబట్టి.

విసాల్ మమ్మల్ని చూసింది. గుమ్మంలోనే ఆగిపోయింది. 

"ఎవరీ పుణ్యాత్ములు?" అంది హాజ్జా.

"సెఫ్రూ నుంచి" అంది హనియా. "ఈ గుండీలు అల్లిన ఆవిడ. ఉమ్రాకు పోతూ చూసిపోదామని వచ్చింది."

హాజ్జా రఖియా గబగబా వచ్చి యామ్నా రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. మంచి మనిషి. ఆవిడ చెడ్డదై ఉంటే మాకు ఎంత సులువుగా ఉండేదో.

"బంగారు చేతులమ్మా ఇవి. నా కోడలికి ఎవరూ లేరు. మీరు అక్కడికి వెళ్ళాక దీనికోసం దువా చేయండి. ఇంకొకటి అడగనా? వీళ్ళమ్మ పేరు మీద కాబా చుట్టూ ఒకసారి తిరగండి. పాపం, కూతురి పెళ్ళి చూడకుండానే పోయింది. ఆవిడ పేరు యామ్నా."

యామ్నా తన చేతులు ఆవిడ చేతుల్లోనే ఉంచింది.

"తిరుగుతాను" అంది యామ్నా. "ఆవిడ పేరు మీదే తిరుగుతాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. బిళ్ళ లాగి ఆవిడ ముఖం ముందు పెడదామనిపించింది. అంతలో యామ్నా మామూలు గొంతుతో, ఇంటి దగ్గర నాతో మాట్లాడినట్టే, "చివరి గుండీ కాస్త వదులైంది. అమ్మాయి తొడుక్కుంటే ఒంటి మీదే బిగిస్తాను. నా చేతి పని, తప్పు ఉంచి పోలేను" అంది. గుండీకి ఏ రోగమూ లేదు. వెనక గదిలోంచి వచ్చిన దర్జీకి అది తెలుసు. తెలిసే, బట్టలు తొడిగి చూసుకునే మూలకున్న తెర తీసి లోపల దీపం వేశాడు.

లోపల ముగ్గురం. నేను తెర దగ్గర కాపలా. యామ్నా మోకాళ్ళ మీద కూర్చుంది, వంగితే బిళ్ళ అడ్డొస్తోందని తీసి నా చేతికిచ్చింది. పీట మీద మీగడ రంగు కఫ్తాన్‌లో విసాల్, కొవ్వొత్తిలా బిగుసుకుని. యామ్నా ఆ చివరి గుండీని పట్టుకుని వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత కత్తెర అడిగింది. నా చేతిలోని బిళ్ళ తెర అవతల బల్ల మీద పెట్టి, అక్కడున్న కత్తెర తీసి ఇచ్చాను.

"ఈ ఎర్ర పోగు తల్లి పెట్టేది" అంది మెల్లగా. "నేను నా కూతురికని పెట్టలేదు. ఎవరో తల్లిలేని పిల్లకని పెట్టాను. తీసెయ్యనా, ఉంచనా?"

"పిన్నిని ఏమీ అనకు, అమ్మా" అంది విసాల్.

ఆ "అమ్మా" విని నేను తెర సందు ఇంకాస్త దగ్గరికి లాగాను.

"నిన్ను చంపింది పిన్ని కాదు. నేను."

యామ్నా తలెత్తలేదు.

"కాలేజీలో అడిగారు, మీ అమ్మ ఏదీ అని. ఇచ్చేసింది అని చెప్పడం కంటే లేదు అని చెప్పడం తేలిక. ఇచ్చేసింది అంటే, ఎందుకిచ్చింది, నీలో ఏం లోపం అంటారు. లేదు అంటే జాలిపడి ఊరుకుంటారు. ఒకసారి అన్నాను. నేను చేసుకోబోయే అతనూ అక్కడే ఉన్నాడు. ఇక వెనక్కి తీసుకోలేకపోయాను. నేను ఫ్రాన్స్ వెళ్ళలేదు. నీతో ఫోన్‌లో మాట్లాడితే ఎక్కడ ఏడ్చేస్తానోనని పిన్ని చేత అలా చెప్పించాను."

"నీకేం తక్కువ చేశానే నేను" అంది యామ్నా.  "ఇంట్లో పిండి లేదు. మీ నాన్న పోయాడు. నువ్వు బాగుండాలనే కదా."

"నన్ను అడిగావా?" పిల్ల గొంతు ఆరేళ్ళ పిల్లదైపోయింది. "కొత్త చెప్పులు కొన్నావు. బస్సెక్కించావు. సాయంత్రానికి వచ్చి తీసుకెళ్తానన్నావు. నేను ఆ చెప్పులు విప్పకుండా పడుకున్నాను తెలుసా? వారం రోజులు. నువ్వొస్తే లేటవకూడదని."

నాకు ఆ చెప్పులు తెలుసు. ఎర్రవి. యామ్నాతో బజారుకు వెళ్ళి బేరమాడింది నేనే.

"గుండీలు నీ చేతివే కావాలని ఫాత్నాకు చెప్పింది నేనే. నీ చెయ్యి లేకుండా పెళ్ళి చేసుకోలేను. నిన్ను పిలవనూ లేను. ఆ ఫోన్ కూడా పిన్ని చేత నేనే చేయించాను. నా గడప లోపల ఉన్నవాళ్ళనీ అనమన్నాను. పక్కనే కూర్చుని విన్నాను. పిన్ని గడప లోపల ఉన్నది నేనొక్కదాన్నే కదమ్మా. నువ్వు క్షమించానన్నావు. కానీ అప్పుడు నీకేమీ తెలియదు." విసాల్ వంగి తల్లి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఇప్పుడు తెలిసింది. మళ్ళీ చెప్పు. ఈసారి నా మొహం చూసి చెప్పు."

నా గడియారంలో మూడుంపావు. మసీదు దాకా వెళ్ళాలంటే ఈపాటికి టాక్సీలో ఉండాలి. నేను ఆ ముక్క చెప్పలేదు.

యామ్నా కత్తెర పక్కన పెట్టింది. ఎర్ర పోగును బొటనవేలితో లోపలికి నెట్టి, గుండీని మూసింది.

"సెఫ్రూలో ప్రతి గడపా ఎక్కి అడిగాను" అంది. "మురుగునీళ్ళ దగ్గర తిట్టినదాన్ని కూడా అడిగాను. నిన్ను అడగలేదు. నీ దగ్గర తప్పు చేశానని ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు నేను. ముందు నువ్వు చెప్పు. ఆ సాయంత్రానికి నన్ను క్షమించావా?"

విసాల్ నోరు తెరిచింది.

నా వెనక తెర ఉంగరాలు గలగలమన్నాయి. నేను కాపలా ఉన్నానన్న సంగతే మరచిపోయాను. తిరిగి చూస్తే హాజ్జా రఖియా. నవ్వు లేదు. కళ్ళజోడు పెట్టుకుని, తన చేతిలోని దాన్ని చూస్తోంది. ఇందాక కత్తెర కోసం బల్ల మీద పెట్టింది నేనే, ఆ పాపం నాది.

బిళ్ళ ఆవిడ చేతిలో ఉంది. పేరున్న వైపు పైకి ఉంది.